పశువుల నడక, పిల్లల నడక



పోయిన నెలలో మన సంఘంలోనే పుట్టి పెరిగి, ఇప్పుడు ఐర్లాండ్‌లో నర్సుగా పనిచేస్తున్న ఒక సహోదరి మన గ్రూపులో ఒక వీడియో పెట్టింది. మీలో చాలామంది చూసే ఉంటారు. సెలవు పెట్టుకుని, భర్తతో, పిల్లలతో కారులో ఆ దేశపు పల్లె దారుల్లో తిరిగింది. ఒక్క కారు పట్టేంత సన్నటి రోడ్డు. రెండు పక్కలా రాళ్ళు పేర్చిన గోడలు, పచ్చిక. మలుపు తిరిగేసరికి ఎదురుగా గొర్రెల మంద. కారు ఆపేశారు. గొర్రెలు తీరిగ్గా దాటిపోయాయి. వెనక కాపరి చెయ్యెత్తి పలకరించి వెళ్ళాడు. వీడియో అంతే, రెండు నిమిషాలు కూడా లేదు.

దాని కింద మన యౌవనస్థుడు ఒకరు, "అయ్యగారూ, మనకెప్పుడొస్తయి ఇలాంటి రోడ్లు?" అని రాశాడు. నాకు నవ్వొచ్చింది. గొర్రెల మంద అడ్డమొచ్చే రోడ్డు కావాలంటే ఐర్లాండ్ దాకా ఎందుకు నాయనా? నేరేడుచర్ల దాటి ఏ ఊరి దారి పట్టినా సరిపోతుంది. పొద్దున తొమ్మిదింటికి వెళ్ళు, గొర్రెలూ ఉంటాయి, బర్రెలూ ఉంటాయి. మనం హారన్ కొడతాం, వాళ్ళు ఫొటో తీసుకుంటారు. తేడా అంతే.

కానీ ఆ మాట నన్ను వదల్లేదు. వారం రోజులు దాని గురించే ఆలోచించాను. ఇప్పుడు రాస్తున్నది ఆ వీడియో గురించి కాదు, మన సంఘంలో రెండు నెలలుగా నలుగుతున్న ఒక విషయం గురించి. అక్కడికి వస్తాను.

ఆ దేశంలో ఊరి చిన్న బాటను 'బోరీన్' అంటారని ఆ సహోదరి ఫోనులో చెప్పింది. వాళ్ళ భాషలో రోడ్డును 'బోహర్' అంటారు. ఆ మాట ఆవు అనే మాటలోంచే పుట్టిందట. అంటే వాళ్ళకు రోడ్డు అంటే మొదట పశువులు నడిచే దారి. మన బండ్ల బాట లాంటిదే. 2014లో పడమటి సముద్రతీరం పొడవునా సుమారు 2,500 కిలోమీటర్ల దారిని కలిపి, 'వైల్డ్ అట్లాంటిక్ వే' అని పేరుపెట్టి, మెల్లగా చూసుకుంటూ పోండి అని లోకాన్నంతా పిలిచారు. 2025 ఫిబ్రవరిలో అక్కడి పల్లె దారుల మీద వేగ పరిమితిని 80 నుంచి 60కి తగ్గించారు కూడా. ధనవంతమైన దేశం, రోడ్డు మీద మెల్లగా పొమ్మని చట్టం చేసుకుంటోంది.

మన దగ్గర సంగతి చూద్దాం. సూర్యాపేట నుంచి కోదాడకు 40 కిలోమీటర్లకు కొంచెం పైన. పాత 9వ నంబరు, ఇప్పటి 65వ నంబరు జాతీయ రహదారి మీద అరగంట, ముప్పావుగంట. నాలుగు లేన్లు పడిన తరువాత ఊళ్ళు పక్కకు జరిగిపోయాయి. బోర్డు కనిపిస్తుంది, ఊరు కనపడదు. ఆ రోడ్డును నేను తిట్టను. మన సంఘంలో ఒక చెల్లెలికి అర్ధరాత్రి నొప్పులొచ్చినప్పుడు సూర్యాపేట ఆసుపత్రికి సమయానికి చేర్చింది ఆ రోడ్డే. ఆ బిడ్డ ఇప్పుడు సండేస్కూల్లో కంఠత వాక్యాలు అందరికంటే గట్టిగా అరిచి చెప్తుంది.

ఇంకో దారి ఉంది. మిర్యాలగూడ నుంచి నేరేడుచర్ల, గరిడేపల్లి, హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు. దానికీ ఇప్పుడు 167 అని జాతీయ రహదారి నంబరు ఇచ్చారు గాని, అది ఊళ్ళను ఇంకా మరచిపోలేదు. దాని మీద నుంచి కుడికీ ఎడమకూ చీలే దారులే నా పరిచర్య దారులు. కోతల కాలంలో మిర్యాలగూడ వైపు వెళ్తే రైసుమిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. ఉడికిన వడ్ల వాసన ఊరి బయటే పలకరిస్తుంది. ఊక దుమ్ము కంట్లో పడుతుంది, అద్దాలు పెట్టుకోవాల్సిందే. మఠంపల్లి, మేళ్ళచెరువు వైపు తిరిగితే సిమెంటు లారీల తెల్ల దుమ్ము. నాట్లప్పుడు దమ్ము చేసే ట్రాక్టరు వెనక తెల్ల కొంగలు వరసగా దిగుతాయి. ఎండాకాలం తాటిచెట్ల కింద ముంజలు కొట్టి ఇస్తుంటారు. వాడపల్లి దాకా పోతే మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు. హైదరాబాదు మురికినంతా మోసుకొచ్చిన నదిని కృష్ణ కాదనకుండా కలుపుకుంటుంది. దాని మీద ఒక ప్రసంగం ఎప్పటినుంచో మనసులో ఉంది, ఇంకోసారి చెప్తాను.

ఈ పచ్చదనం ఎప్పటినుంచో ఉన్నది కాదు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ నీళ్ళు వచ్చేదాకా ఈ నేలలో చాలా భాగం జొన్న చేలూ, బీళ్ళూ. మన సంఘంలో పెద్దవాళ్ళను అడగండి, అన్నం పండుగనాడే తిన్న రోజులు చెప్తారు. ఇవాళ మన బాప్తిస్మాలు జరిగేది కూడా ఆ కాలువలోనే. నీళ్ళు వదిలిన నెలలు చూసుకుని తేదీ పెట్టుకుంటాం.

నీళ్ళంటే గుర్తొచ్చింది. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయుడైన నపుంసకుడు రథం మీద గాజా దారిలో పోతుంటాడు. రథం అనగానే మనకు సినిమాలో దుమ్ము రేపుకుంటూ పోయే రథం కళ్ళముందుకొస్తుంది. జాగ్రత్తగా చదవండి. ఫిలిప్పు పరుగెత్తి దాన్ని అందుకున్నాడు. లోపల ఆయన యెషయా గ్రంథం చదువుతుంటే బయట పరుగెత్తే మనిషికి వినపడింది. అంటే ఆ రథం మన ఎద్దుల బండి కంటే పెద్ద వేగంగా పోలేదు. అదే రహదారి మీద ఏసీ కారులో అద్దాలు వేసుకుని 100లో పోతుంటే ఫిలిప్పు ఏం చేసేవాడు? ఆ తరువాత దారిపక్కన నీళ్ళు కనిపించాయి, బండి ఆపించాడు, బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ నీళ్ళు కనిపించడానికి కూడా కొంత మెల్లదనం కావాలి.

ఇప్పుడు అసలు విషయం. మన సంఘ పెద్దలు, బయట దేశాల్లో ఉన్న మన బిడ్డలు కొందరు కలిసి నాకు ఒక కారు కొనిద్దామని అనుకున్నారు. వారి ప్రేమకు నేను ప్రభువును స్తుతిస్తున్నాను. నా స్ప్లెండర్‌కు పదమూడేళ్ళు నిండాయి. వానలో తడిసి వచ్చిన ప్రతిసారీ అమ్మగారు ఏమంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కాని ఆ కారుతోపాటు ఒక ప్రణాళిక కూడా వచ్చింది. ఇప్పుడు ఆదివారం మూడు చోట్ల ఆరాధన జరుగుతోంది కదా, కారుంటే ఐదు చోట్ల పెట్టవచ్చు, హైవే ఎక్కి దిగితే గంటకొక ఊరు అయిపోతుంది అని. సూర్యాపేట దగ్గర ఒకటి, కోదాడ అవతల ఒకటి. ఒక సహోదరుడు గంటలవారీగా పట్టిక కూడా వేసి పంపించాడు. ప్రసంగానికి 25 నిమిషాలు, ప్రార్థనకు 10, ప్రయాణానికి 30.

ఆ పట్టికలో నాకు ఒకటి కనపడలేదు. ఆరాధన అయ్యాక మెట్ల మీద కూర్చుని చెప్పులు వేసుకుంటూ, "అయ్యగారూ, ఒక్క మాట" అనే అమ్మకు ఎన్ని నిమిషాలు? ఆ ఒక్క మాట ఎప్పుడూ ఒక్క మాట కాదని పాస్టర్లందరికీ తెలుసు.

నేను ఈ మాట గొప్ప కోసం చెప్పడం లేదు. నేను ఒకసారి చేసి చూసి, తప్పు చేసి చెప్తున్నాను.

రెండేళ్ళ కింద సూర్యాపేటలో వరుసగా గురువారాలు కూడికలు జరిగాయి. వాక్యం చెప్పమని నన్ను పిలిచారు. మామూలుగా గురువారం నేను లోపలి దారిన, పెన్‌పహాడ్ మీదుగా పోతాను. దారిలో నాలుగిళ్ళు చూసుకుని, ఒక చోట టీ తాగి, సాయంత్రానికి సూర్యాపేట చేరతాను. ఆ కూడికలప్పుడు మాత్రం కోదాడ దాకా వస్తే చాలు, అక్కడినుంచి కారు పెడతామన్నారు. చుట్టు దారే గాని తొందరగా పోవచ్చు, చొక్కా నలగదు. ఏడు వారాలు అలాగే పోయాను. నిజం చెప్పాలంటే నాకు బాగానే ఉండింది.

ఎనిమిదో వారం లోపలి దారిన వెళ్ళాను. ఒక ఇంటి ముందు బండి ఆపాను. ఆ సహోదరుడు కౌలుకు చేసేవాడు, కాలువ చివరి భూమి. ఎప్పుడు వెళ్ళినా గడప దగ్గరే ఎదురొచ్చి, నా చేతిలోని బైబిలు తీసుకుని లోపల పెట్టి, మంచం వాల్చేవాడు. ఇద్దరు పిల్లలు. చిన్నవాడు నా బండి మీద ఎక్కి హారన్ కొట్టకుండా వదిలేవాడు కాదు. ఆ రోజు తలుపుకు తాళం ఉంది. పొలానికి పోయారేమో అనుకున్నాను. టీ కొట్టు ఆమె నన్ను చూసి, "ఏంది అయ్యగారూ, ఇటు రావుడే బంద్ చేసిన్రు? వాళ్ళు పోయి నెలాయె" అంది.

యాసంగి వరి పొట్టకొచ్చే వేళకు నీళ్ళు అందలేదు. ఎండిపోయిన పొలంలో బర్రెలను మేపారు. అప్పులవాళ్ళు ఇంటి ముందు కూర్చున్నారు. ఒక రాత్రి సామాను సర్దుకుని హైదరాబాదు పోయారు. ఎక్కడో కట్టే బిల్డింగు దగ్గర కాపలా పని. ఆ ఏడు వారాల్లో ఆయన రెండు గురువారాలు పొలానికి పోకుండా రోడ్డు మీద నా కోసం చూశాడని ఆమె చెప్పింది. ఫోను ఎందుకు చేయలేదని మీరు అడుగుతారు. నేను కూడా అదే అడిగాను, తరువాత, ఫోనులో. "మీరు పెద్ద మీటింగులల్ల ఉన్నరు గదా అయ్యగారూ" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

నేను వెళ్ళి ఉంటే నీళ్ళు వచ్చేవా? రావు. అప్పు తీర్చేవాడినా? నా దగ్గర ఏముంది? కాని ఆ ఇంట్లో నాలుగు ప్రాణాలు వెళ్ళిపోతుంటే వాళ్ళ కాపరికి తెలియలేదు. ఆ ఏడు వారాల్లో నేను దేని మీద ప్రసంగించానో తెలుసా? మంచి కాపరి. యోహాను 10.

అప్పటినుంచి ఆదికాండము 33వ అధ్యాయం నన్ను పట్టుకుంది. ఇరవై ఏళ్ళ తరువాత అన్నదమ్ములు కలిశారు, ఏడ్చారు, కౌగిలించుకున్నారు. ఏశావు, కలిసి పోదాం పద అంటాడు. ఆయన వెంట నాలుగు వందల మంది మగవాళ్ళు, వేగంగా పోగలవాళ్ళు. యాకోబు ఒప్పుకోడు. పిల్లలు లేతవాళ్ళు, పాలిచ్చే పశువులు ఉన్నాయి, ఒక్క రోజు గట్టిగా తోలితే మంద చచ్చిపోతుంది, మీరు ముందు పదండి, నేను మంద నడకకు, పిల్లల నడకకు తగినట్టు మెల్లగా వస్తాను అంటాడు. యాకోబు మాటల్లో యుక్తి కూడా ఉందని నాకు తెలుసు. ఏశావు శేయీరుకు పోతే ఈయన సుక్కోతుకు పోయాడు. యాకోబు యాకోబే. అయినా ఇరవై ఏళ్ళు మందను కాసిన మనిషి నోటినుంచి వచ్చిన ఆ మాట మాత్రం అనుభవం. మంద వేగం కాపరి నిర్ణయించేది కాదు. ఈనిన గొర్రె నిర్ణయిస్తుంది.

నిర్గమకాండము 13లో దేవుడు కూడా అదే చేశాడు. ఫిలిష్తీయుల దేశపు మార్గం దగ్గర దారి. ప్రజలు యుద్ధం చూసి భయపడి వెనక్కి తిరుగుతారేమో అని చుట్టు దారిన నడిపించాడు. బైపాస్ తెలియక కాదు.

సెమినరీలో మాకు కొసుకే కొయామా అనే జపాను వేదాంతి గురించి చెప్పారు. ఉత్తర థాయిలాండ్‌లో మిషనరీగా ఉన్నప్పుడు, వాక్యం చెప్పడానికి పోయే దారిలో పొలాల్లో గేదెలను చూసి, వాటి వెంట నడిచే రైతుకు అర్థమయ్యేలా చెప్పకపోతే నా చదువు ఎందుకు అనుకున్నాడట. 1974లో రాసిన పుస్తకానికి గేదెల పేరే పెట్టాడు. దేవుడు గంటకు మూడు మైళ్ళ వేగంతో నడుస్తాడు, అది మనిషి నడక, ప్రేమ వేగం అదే అని మరో పుస్తకంలో వాదించాడు. అప్పట్లో పరీక్ష కోసం చదివాను. పరీక్షలో మార్కులు కూడా బాగానే వచ్చాయి.

మన ప్రాంతానికి సువార్త వచ్చింది ఆ వేగంతోనే. 1889లో రష్యా నుంచి వచ్చిన అబ్రాహాము ఫ్రీజన్ దంపతులు నిజాం రాజ్యంలోని నల్లగొండలో బాప్టిస్టు మిషను పని మొదలుపెట్టారు. తరువాత సూర్యాపేటలోనూ కేంద్రం ఏర్పడింది. అవి ఎద్దుల బండి, డేరా రోజులు. 1912 డిసెంబరు 29న భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకం పొందిన అజరయ్యగారు దోర్నకల్ చుట్టూ ఊళ్ళన్నీ ఎద్దుల బండి మీద, సైకిలు మీద తిరిగారు. బిషప్పు అంటే కారు గుర్తొచ్చే మన కాలానికి ఇది కాస్త వింతగా ఉంటుంది.

మెల్లగా అంటే సోమరితనం అనుకునేవాళ్ళకు జాన్ వెస్లీగారిని చూపిస్తాను. ఆయన 1747 నుంచి మొదలుపెట్టి 21 సార్లు ఐర్లాండ్ వెళ్ళాడు. మన సహోదరి వీడియో తీసిన ఆ పల్లె దారుల్లాంటి వాటి మీదే గుర్రం ఎక్కి తిరిగాడు. జీవితం మొత్తంలో రెండున్నర లక్షల మైళ్ళు ప్రయాణం చేశాడని చెబుతారు. గుర్రం కళ్ళెం వదులుగా వదిలి, దాని మీద కూర్చుని పుస్తకాలు చదువుకునేవాడు. తెల్లవారుజామునే లేచేవాడు. ఆయన్ను ఎవరూ సోమరి అనలేదు. గుర్రం ఎంత వేగంగా పోగలదో అంత వేగమే ఆయనది, అందుకే దారిలో మనుషులు ఆయనకు దొరికారు, ఆయన వాళ్ళకు దొరికాడు.

ఒక సహోదరుడు నన్ను సూటిగా అడిగాడు: "అయ్యగారూ, ఆత్మలు నశించిపోతుంటే మీరు మెల్లగా పోతానంటారేంటి?" ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోలేను. మార్కు 5లో యాయీరు కూతురు చావు బతుకుల్లో ఉంది. యేసు ప్రభువు ఆ ఇంటికే పోతున్నాడు. దారిలో ఒక స్త్రీ ఆయన వస్త్రం ముట్టింది. ఆయన ఆగాడు. ఎవరు ముట్టారని అడిగాడు. ఆమె తన సంగతంతా చెప్పేదాకా నిలబడ్డాడు. పన్నెండేళ్ళ రోగం కథ రెండు నిమిషాల్లో అయ్యేది కాదు. ఇంతలో కబురొచ్చింది, పాప చనిపోయింది అని. ఆ క్షణంలో యాయీరు ముఖం ఎలా ఉండి ఉంటుందో నేను చాలాసార్లు ఊహించుకున్నాను. ప్రభువు ఆ పాపను లేపాడు, నిజమే. నేను లేపలేను. అందుకే ఆగడం ఎప్పుడూ ఒప్పే అని నేను చెప్పను. ఆగినందుకు ఇంకొకరు నష్టపోవచ్చు. ఆగనందుకు నష్టపోయిన ఇల్లు మాత్రం నేను కళ్ళతో చూశాను.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. మెల్లటి దారి నాకు అందంగా కనిపిస్తుంది, ఎందుకంటే నేను దాని మీద పోయి వస్తాను. ఆ దారి పక్కన కాపురం ఉండేవాళ్ళకు అది గుంతలు, వానాకాలం మోకాటి లోతు బురద, రాత్రి 108 ఆలస్యం. రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీద బండి జారి చేయి విరిగిన పిల్లవాడు మన యూత్‌లోనే ఉన్నాడు. ఐర్లాండ్‌లో మెల్లగా పోవడం సెలవు, ఇక్కడ చాలామందికి అది గత్యంతరం లేకపోవడం. రోడ్లు బాగుపడాలి, అడగాలి, నేను కూడా అర్జీల మీద సంతకం పెడతాను. కాని మంచి రోడ్డు వేసిన తరువాత కూడా ఆ రోడ్డు మీద ఆగే మనిషి ఒకడు ఉండాలి.

రెండేళ్ళకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర వచ్చినప్పుడు చూడండి. హైవే మీద లక్షల మంది, గొర్రెలు, డప్పులు. అంత పెద్ద రోడ్డు కూడా ఆగిపోతుంది. విజయవాడ పోయే బళ్ళను నార్కట్‌పల్లి దగ్గరే తిప్పి నల్లగొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు పంపిస్తారు. ఆ రోజుల్లో మన ఊళ్ళను లోకం చూస్తుంది. అద్దం దించి, "ఇదే ఊరు?" అని అడుగుతారు. మన పిల్లలు గర్వంగా చెప్తారు.

కాబట్టి పెద్దలకు నా జవాబు ఇది. కారు కొంటే సంతోషంగా తీసుకుంటాను. వానల్లో వాడతాను, జబ్బుపడినవాళ్ళను ఆసుపత్రికి తీసుకుపోవడానికి ఎవరు అడిగినా ఇస్తాను, తాళంచెవి మందిరంలో మేకుకు వేలాడుతుంది. ఐదు ఆరాధనలు మాత్రం నేను చేయను. మూడే. సూర్యాపేట దగ్గర, కోదాడ అవతల ఉన్న విశ్వాసులకు అక్కడే ఉండే కాపరి కావాలి, గంటకోసారి దిగి ఎక్కేవాడు కాదు. మన సంఘంలో ఇద్దరు యౌవనస్థులు బైబిలు శిక్షణకు పోతామంటున్నారు. కారుకు పోగుచేసిన దాంట్లో సగం వాళ్ళ ఫీజుకు మళ్ళించమని నా మనవి. దీని మీద వచ్చే ఆదివారం ఆరాధన తరువాత మాట్లాడుకుందాం. మీరు వద్దంటే వింటాను, కాని నా మాట కూడా వినండి.

గురువారం పొద్దున ఏడింటికి నేను గరిడేపల్లి నుంచి లోపలి దారిన బయలుదేరుతున్నాను. బండి వెనక ఒకరికి చోటుంది. ఎవరైనా వస్తే తువ్వాలు, నీళ్ళ సీసా తెచ్చుకోండి. వరి కోతలు మొదలయ్యాయి, దుమ్ము ఉంటుంది. ఆ సహోదరుడి ఇంటికి ఇంకా తాళమే ఉంది గాని, పిల్లలు పండుగకు వస్తారని టీ కొట్టు ఆమె చెప్పింది.